మోకాలి చుట్టూ నీలం పెట్టె

బెలెంలో వాన మూడింటికి వస్తుంది.
"వాన ముందా, వాన తర్వాతా?" అని అడిగి
ఇక్కడి మనుషులు కలుసుకుంటారు.
నేను వాన తర్వాత
ఫోన్ల దుకాణం షట్టరు సగం దించి
మా అత్త ఒస్మరీనాకి పోట్లాట నేర్పుతాను.

ఆవిడకి నేర్పేదేముంది లెండి.
తెల్లారకముందే గ్వామా నది రేవులో
అసాయీ పళ్ల బుట్టలు నెత్తిన రెండు, నడుమున ఒకటి,
దారికి అడ్డొచ్చినవాణ్ణి మోచేత్తోనే తప్పిస్తుంది.
ఆ మోచెయ్యి ఆటలోకి రావాలి.
తొమ్మిది ఫ్రేములు, నా ఫోనుతో తీసినవే.
తొమ్మిదోదాంట్లో నా వేలు అడ్డమొచ్చింది.

ఏ పనిముట్టుతో చెయ్యాలన్నదే తగువు.

ఒకటి కొత్తది, తళతళలాడుతుంది.
బొమ్మ అందిస్తే చాలు
దెబ్బ తగిలే చోటు తనే కొలిచి పెడుతుందట.
పదిహేను రోజులు ఉచితం.
పదహారో రోజు అత్త లోపల, తాళం బయట.
నెల నెలా అడిగేది
రెండు పగిలిన అద్దాలు మార్చిన కూలి.

ఇంకొకటి ఊరికే వస్తుంది.
సేవ్ నొక్కితే ఒక్కోసారి సేవ్ చేస్తుంది,
ఒక్కోసారి ఆలోచిస్తూ కూర్చుంటుంది.
జెనివాల్దో దాన్నే వాడమంటాడు.
వాడు ఏది చెప్పినా ప్రాణం పెట్టి చెబుతాడు,
వారం తిరక్కుండా మర్చిపోతాడు.

మూడోది ముసలిది.
రాసినవాడు వదిలేసి పోయి ఏళ్లయింది.
రెండు వందల యాభై ఆరు రంగులు,
ఆపైన ఒక్కటి కూడా మోయదు.
వాటిలో సున్నా నంబరుది కనబడని రంగు.
అది ఉన్నచోట ఏమీ ఉండదు.

ముందు దీన్నే తెరిచాను.
అత్త నిలబడింది.
తల ఉంది, చేతులున్నాయి, లంగా ఉంది,
మధ్యలో అత్త లేదు.
గుండె ఉండాల్సిన చోట నది పారుతోంది,
ఒక పడవ కూడా పోతోంది.
ఆవిడ పండగ రవిక, ముదురు గులాబీ,
సరిగ్గా సున్నా రంగు!
జెనివాల్దో కడుపు పట్టుకుని నవ్వాడు.
నేనూ నవ్వాను కాసేపు.
రేవులో బేరమాడేవాళ్లకి
ఆవిడ ఇలాగే కనబడుతుందేమో.

కొత్తదాంట్లో ఒక్క నొక్కుతో పోయేది.
ముసలిదాంట్లో చుక్క చుక్కా ఏరాను
చిక్కుడు గింజల్లో రాళ్లేరినట్టు.
రంగుని ఒక్క మెట్టు దించాను.
తేడా యంత్రానికే తెలుస్తుంది,
కంటికి ఆనదు.

తర్వాత పెట్టెలు.
దేనితో కొడుతుందో దానికి ఎర్రది,
ఎక్కడ కొడితే తగులుతుందో అక్కడ నీలం.
కొత్తది నెత్తి నుంచి మడమ దాకా
ఒకే నీలం పెట్టె గీసి చూపించింది,
శవపేటికలా.
ముసలిది ఏదీ గీయదు.
ఒక్కో ఫ్రేము దగ్గరా ఆగి, ఎక్కడ? అంటుంది.
అందుకే దాన్ని ఎంచుకున్నాను, లేదా
డబ్బుల్లేక ఎంచుకుని తర్వాత కారణం వెతుక్కున్నాను.

మోచేతికి ఎర్రది, తేలికే.
తలకి, భుజానికి, నడుముకి నీలం.
కుడి మోకాలి దగ్గర మౌసు కదల్లేదు.
మొన్న పాకుడు మెట్టు మీద జారిన మోకాలు అది,
రాత్రుళ్లు కర్పూరం వాసన వేసే మోకాలు.
గీయకపోతే ఆ కాలికి ఎప్పటికీ దెబ్బ తగలదు.
ఎవడు చూడొచ్చాడు?
గీయలేదు.

ఆదివారం ఛార్జరు కోసం వచ్చి
అత్త తెర ముందు వంగింది.
"ఈ రవిక నాది కాదు" అంది మొదట.
తర్వాత పెట్టెల సంగతి చెప్పించుకుంది.
"మరి మోకాలికేదీ?"

అక్కడ దెబ్బ తగలకూడదని, అత్తా...

"దాని సంగతి రేవంతా తెలుసు. గీయి.
ఎదురొచ్చినవాడు దానికోసమే వంగుతాడు."
అసాయీ మరకల వేలితో తెర మీద పొడిచింది.
"వంగినప్పుడు వాడి ముక్కెక్కడుంటుందో చూడు,
నా మోచెయ్యెక్కడుందో చూడు."

ఛార్జరు సంచిలో వేసుకుని
డబ్బులివ్వకుండా వెళ్లిపోయింది,
వాన ముందే.