చిత్రిక

ఆర్డ్‌మోరా ఓడమీద నేను వడ్రంగిని.
గ్రీనక్ రేవులో దాని టేకు కమ్మీకి
మొదటి వార్నిష్ పూసింది ఈ చేతులే.
రెండో డెక్కు, ఎడమవైపు, నూట పన్నెండు గజాలు.
పట్టు చేతితొడుగులు దానిమీద జారుతూ పోయేవి
పియానో మోగే గదివైపు.

యుద్ధం వచ్చింది.
తెల్లటి ఓడకి బూడిదరంగు పూశారు.
పియానోని దించి రేవులో వానకి వదిలేశారు.
నాట్యశాలలో నేను మంచాలు కొట్టాను,
ఒకదానిమీద ఒకటి, మూడు వరసలు.
పైమంచం వాడు లేచి కూర్చుంటే
కప్పుమీది బంగారు రెక్కల పిల్లాడి మడమ
నుదుటికి తగిలేది.
ఎనిమిది వందలమందికి కట్టిన ఓడలో
మూడువేల రెండువందలు.
లాంకషైర్ నూలుమిల్లుల కుర్రాళ్ళు,
సముద్రాన్ని మొదటిసారి చూసి
దానిమీదే వాంతి చేసుకున్నవాళ్ళు.

పనిలేని చేతికి చాకు దొరికితే ఊరుకుంటుందా?
బిస్కే దాటేలోపు నా కమ్మీ నిండా పేర్లు.
తిట్టాను. సార్జెంటుతో చెప్పాను.
ఒకడు, ఈనక్ ఆష్‌వర్త్,
ఏకంగా నా ఉలినే అరువడిగాడు.
"చాకుతో ఎస్ అక్షరం వంపు తిరగట్లేదు మేస్త్రీ."
ఇచ్చాను.
ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలీదు.
తిరిగొచ్చేసరికి దాని పదును పోయింది.

మూద్రోస్‌లో చీకట్లో దిగారు
తాళ్ళ నిచ్చెనలమీంచి పడవల్లోకి.
చప్పుడు చెయ్యొద్దని ఆజ్ఞ.
మూడువేల జతల బూట్లు
ఆ మాట వినలేదు.

వేసవి ముదిరేసరికి మళ్ళీ రంగులు.
ఈసారి తెలుపు, నడుముకి ఆకుపచ్చ పట్టీ,
రెండు పక్కలా ఇంటంత ఎర్ర శిలువ,
రాత్రికి దానిమీద దీపాలు.
అన్నాళ్ళూ దాక్కున్న ఓడ
ఇప్పుడు నన్ను చూడండి అంటోంది.
మంచాలు విప్పి
ఉయ్యాల తొట్లు వేలాడదీశాను,
మీసాలొచ్చిన వాళ్ళకి.
విందుబల్లల గుడ్డలు చింపి కట్లు కట్టారు.
తెల్లారగట్ల నాలుగింటికి
ఇంజను ఒక్క నిమిషం ఆగేది.
ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.
ఆ పలకల్నీ నేనే నునుపు చేసేవాణ్ణి,
దేహం ఎక్కడా తట్టుకోకుండా జారాలని.

మూడో ప్రయాణంలో సిస్టర్ ఊనా ట్రేనర్ పిలిచింది.
"మిస్టర్ గిల్‌క్రైస్ట్, ఇతను మీ కమ్మీ దగ్గరికి తీసుకెళ్ళమంటున్నాడు."
కళ్ళకి కట్టు. గొంతునిబట్టి పోల్చుకున్నాను.
ఈనక్.
వేళ్ళతో చదువుకుంటూ నడిచాడు.
తన పేరుమీంచి ఆగకుండా దాటిపోయాడు.
పదడుగుల అవతల ఆగాడు.
అక్కడ 'సెత్ పిమ్లాట్' అని ఉంది,
ఎస్ చక్కగా వంపు తిరిగి.
"వాడికి రాత రాదు" అన్నాడు.
అంతే.
సిస్టర్ తెచ్చిన టీ చల్లారి,
దానిమీద తరక కట్టేదాకా అక్కడే నిలబడ్డాడు.

పందొమ్మిది వందల ఇరవైలో కంపెనీ ఉత్తరం:
ప్రయాణికులు మళ్ళీ వస్తున్నారు,
కమ్మీ గీతల్లేకుండా ఉండాలి.
పియానో కొత్తది వచ్చింది.
చిత్రిక పట్టాను.
పదకొండు రోజులు.
పేర్లు చుట్టలు చుట్టలుగా లేచాయి.
టేకు వాసన, కాస్త ఉప్పు వాసన.
ఒక్కో చుట్టలో అర అక్షరం,
విప్పబోతే విరిగేది.
మా కుర్రాడు ఫిన్లే ఊడ్చి పొయ్యిలో వేశాడు.
ఆ మంటమీదే టీ కాచాడు.
తాగాను.
సెత్ పేరు దగ్గర నాలుగుసార్లు పట్టాల్సొచ్చింది.
నా ఉలి కదా, లోతుగా దిగింది.

ఇప్పుడు అద్దంలా ఉంది.
పావు అంగుళం సన్నబడిందంతే.
ఇత్తడి కొక్కేలకి అది సరిగ్గా చిక్కడం లేదు.
గాలి లేచిన రాత్రి నూట పన్నెండు గజాలూ
ఒక్కసారిగా కటకటలాడతాయి,
బూట్లతో ఎవరో దిగుతున్నట్టు.
నిద్ర పట్టడం లేదని
మొదటి తరగతివాళ్ళు మూడుసార్లు ఫిర్యాదు రాశారు.
మరమేకులు జేబులోనే ఉన్నాయి.
బిగించాలి.
చూద్దాం, వచ్చే ప్రయాణానికి.