తలుపుకి ఇవతల

పెరంబూరులో మా గేటుకి
కార్పొరేషన్ వాళ్ళు రేకు కొట్టి వెళ్ళిన మూడో రోజు.
వెనక గదిలో నేనూ, నూటరెండు జ్వరమూ.

తలుపు కింది సందులోంచి
ఆయన గొంతు జారి వస్తుంది:
కందిపప్పు ఏ డబ్బాలో?
కుక్కరు ఎన్ని కూతలు?
పిల్లలకి జలుబు మందు తిండికి ముందా, తర్వాతా?

పదమూడేళ్ళుగా ఈ ఇంటి పటం
నా బుర్రలోనే మడతపెట్టి ఉంది.
విప్పబోతే దగ్గు.

నాలుగో రోజు ప్రశ్నలు ఆగిపోయాయి.
హమ్మయ్య, నేర్చుకున్నారనుకున్నా.
వాసన తెలియని ముక్కు నాది,
తాళింపు చిటపట మాత్రం వినిపించింది.

ఆ వెనకే మేదిని గొంతు.
ఎనిమిదేళ్ళది, స్టూలెక్కి కాబోలు:
"ఆవాలు పోపులపెట్టెలో నాన్నా, ఎడంవైపు.
మూడు కూతలు. మందు తిన్నాక.
అన్నా, కాళ్ళెత్తు, ఊడవాలి."

దానికెవరు చెప్పారివన్నీ?
నేను చెప్పలేదు.
చెప్పలేదు గానీ
చూస్తుంటే చూడొద్దనలేదు.

లోటాలో కబసుర కుడినీరు చల్లారిపోయింది.
గొంతు చీరుకుపోతున్నా అరిచాను:
"శశాంకూ! ఆ చీపురు నువ్వు తీసుకో.
మేదినీ, స్టూలు దిగు.
ఏది ఎక్కడుందో
వాళ్ళని వెతుక్కోనీ."

చాలాసేపు చప్పుడు లేదు.
తర్వాత ఏదో సీసా పగిలింది.

పగలనీ.