వలకన్ను

మంగళవారం ఒకటి పోయింది.
చప్పుడేం వినలేదు.
ఆపిల్ చెట్టు కింద గుప్పెడు ఎర్రటి ఈకలు,
తడిగడ్డి మీద ఒకే ఒక్క నెత్తుటి చుక్క.
మిగతా పదకొండూ పొద కింద
ఊపిరి బిగబట్టి రాళ్ళయి ఉన్నాయి.

పక్కింటి ఓస్వాల్దో తుపాకి తెస్తానన్నాడు. వద్దన్నాను.
పాత సీడీలు దారానికి గుచ్చి వేలాడదీశాను,
చిలోయే దీవిలో ఎండ ఎన్నాళ్ళు కాస్తుంది గనక
అవి మెరవడానికి!
దిష్టిబొమ్మకి రెమీహియో వానకోటు తొడిగాను.
మూడోనాటికి దాని భుజమ్మీదే కూర్చుని
గద్ద రెక్కలు ఆరబెట్టుకుంది.
పోయినవాడంటే పిట్టకైనా లెక్కలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, పడవ కొట్టంలో వల.
నాలుగు చలికాలాలు పొయ్యి పక్కన కూర్చుని అల్లాడు.
"కన్ను మరీ చిన్నదైతే
సముద్రమే ఇరుక్కుంటుంది, ఎదువీనా" అనేవాడు.
ముడుల్లో ఎండిన నాచు, ఒక చేప పొలుసు,
ఉప్పు వాసన.
చెట్టు కొమ్మ నుంచి కట్టెల పాక చూరు దాకా
లాగి కట్టాను.
కోళ్ళు మెడలు వంచి
ఒంటికంటితో పైకి చూశాయి,
ఇకమీదట తాము చేపలమా అన్నట్టు.

ఇరవై రోజులు లెక్క తప్పలేదు.
బుట్టలో నీలం గుడ్లు,
వాన వెలిస్తే మాకు దొరికే
ఆ కాస్త ఆకాశం రంగు.

గాలివాన రాత్రి తెల్లారేసరికి
వలలో గద్ద.
ఒక రెక్క, ఒక కాలు, తలకిందులుగా.
ఈ ఏడు పిల్లే. రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకొచ్చింది.
కింద కోళ్ళు దాన్ని పట్టించుకోకుండా
గింజలేరుకుంటున్నాయి.
"మెడ తిప్పెయ్" అన్నాడు ఓస్వాల్దో, కంచె అవతల్నించి.

బంగాళాదుంపల కత్తి తెచ్చాను.
చేతితొడుగు చీల్చుకుని గోరు మణికట్టులో దిగింది.
తిట్టాను. నా మొగుణ్ణి తిట్టే తిట్టే అది,
చాన్నాళ్ళకి నోటికొచ్చింది.
ఏడు ముడులు కోశాను.
ఎనిమిదోది అదే తెంపుకుని పోయింది.
పోయిందా? కంచె గుంజ మీద వాలి
గుడ్లురిమి చూసింది,
తప్పంతా నాదే అయినట్టు.

రాత్రి దీపం దగ్గర సూదీ దారం పట్టుకున్నాను.
నాకు ఆ ముడి రాదు. నేర్పుతానంటే
నాకు రొట్టె మాడుతోందని లేచేదాన్ని.

ఇప్పుడు అక్కడ నా ముడులు,
లావుగా, వంకరగా.
కోళ్ళకి తేడా తెలీదు.
గద్దకి తెలిసినట్టుంది.
రోజూ సరిగ్గా ఆ చోటు మీదే
గిరికీలు కొడుతోంది.