ఎనిమిదిన్నర

పొద్దుగాల ఎనిమిదిన్నరకు
కాళ్లు వాటంతటవే చెప్పులేసుకుంటయి.
గేటు దాక పోయినంక యాదికొస్తది
రిటైరై నాలుగేండ్లయిందని,
వాన లెక్క ఇప్పుడు నాది కాదని.

తాసిల్దారాఫీసు ఎనుక, ముండ్లకంచె నడుమ
ఇత్తడి మూతి గరాటు, దాని కింద సీసా,
నా చేతుల గాజు కొలగలాసు.
నిలవడి సూస్తే లెక్క ఎక్కువొస్తది.
వంగాలె, కన్ను నీళ్ల అంచుకు తేవాలె.
ముప్పయి రెండేండ్లల్ల నేను వంగింది సగం దానికే,
మిగిలిన సగం సార్లకు.
ఇప్పుడాడ తెల్ల డబ్బొకటి నిలవెట్టిన్రు,
నెత్తిమీద సోలారు పలక.
అది చాయ అడగదు, లీవడగదు.

నిన్నటి సంది టీవీల
బంగాళాఖాతం గిర్రున తిరుగుతున్నది.
తుపానుకు పేరు గూడ పెట్టిన్రట, నోరు తిరగనిది.
"యాడనో సముద్రంల సుడి లేస్తే
దేవరకొండల నీ మోకాళ్లెందుకు గుంజాలె?"
అంటది అండాలు, నూనె సీసా మూత తీసుకుంట.

సముద్రం నేను సూడలే.
దసరా దాటిందంటే
అదే నాతానికొచ్చేది.
ఉప్పంతా తొవ్వల్నే ఇడిసిపెట్టి
గాజు గలాసుల సప్పుడుజెయ్యక కూసునేది.
ఎంతొచ్చినవే అంటే గీతలల్ల చెప్పేది:
పన్నెండు పాయింటు నాలుగు.
నలభయ్యొకటి.
ఒకసారి సీసా పొంగి, బయటి డబ్బాల గూడ.

ఇప్పుడు నాకున్న పనులు
పాల ప్యాకెట్టు, బీపీ గోలి,
పేపర్ల తెలిసిన మొఖం పోయిందేమో సూసుకునుడు.
వచ్చే నెల బ్యాంకుకు పోయి
బతికే ఉన్నననాలె.
పోయినేడు మిషిను నా బొటనేలు గుర్తువట్టలే,
గీతలరిగినయి తాతా, అన్నడు కౌంటర్ల పిలగాడు.

చిత్తకార్తె ఎండ పెళ్లున కాసి
మధ్యాహ్నం ఒక్కపాలి గాలి ఆగింది.
కోడి గంప కిందికి తానే పోయింది.
అండాలు బట్టలు తీస్తాంటే సూసి
మిద్దె మీద స్టీలు గలాసొకటి పెట్టొచ్చిన,
ఇటుక పెళ్లలు ఆనిచ్చి, పడకుంట.
మనుమరాలి స్కేలు అంగి జేబుల్నే ఉన్నది.

లచ్చునాయక్ ఫోను.
"సారూ, ఎంత కొడ్తది?
మార్కెట్ల వడ్లు పోసి తొమ్మిదొద్దులు,
ఇంక కాంటా కాలే."
అటెండర్ను నాయనా, సారును కాదు అంటే ఇనడు.
పడ్డంక చెప్పుడే నా నౌకరి,
పడకముందు సంగతి నాకేం తెలుసు.

తెలిసిందొకటున్నది, అది చెప్పలే.
శానా ఏండ్లయింది.
సలిజెరంతోని పండుకున్న పొద్దు
ఆడికి పోకుండనే రిజిస్టర్ల రాసిన అంకె.
అరవై. గుండ్రంగ, సూడ సక్కగ.
సంతకమైంది, ముద్ర పడ్డది, జిల్లాకు పోయింది.
ఆ యేడు లచ్చు చేన్ల పత్తి
కాయల్నే నల్లబడ్డది.
నాలుగు మిల్లీమీటర్లు తక్కువున్నయని
తండా కాగితాలు ఎనుకకొచ్చినయి.
నిజంగ ఎంత పడ్డదో
మర్నాడు సీసా కడిగినోనికి గూడ తెల్వదు,
చేనుకే ఎరుక.

పొద్దుగూకంగ మార్కెట్కు పోయిన.
పట్టా ఆ కొస లచ్చు, ఈ కొస నేను.
గాలి నడుమల దూరి
పట్టాను పొట్టలెక్క ఉబ్బిచ్చింది.
నా నడుము ఇప్పటికీ మంచిగనే వంగుతది.
రాళ్లు పెట్టినం, ఇంక పెట్టినం.
ఏదో అందామని నోరు తెరిస్తే
నోట్లె మొదటి సినుకు పడ్డది.

రాత్రంత రేకు మీద వాన.
లెక్కపెట్టకుంట పండుకుందామని
లెక్కపెట్టుకుంటనే ఉన్న.

ఎనిమిదిన్నరకు మిద్దెక్కితే
ఇటుక పెళ్లలున్నయి, గలాసు లేదు.
కింద లచ్చు అరుగు మీద కూసొని
చాయ తాగుతున్నడు అండ్ల.
"వడ్లు శానమటుకు నిలవడ్డయి సారూ."
"గలాసు తక్కువైతే తెచ్చిన," అన్నది అండాలు,
"మిద్దె మీదెందుకు పెట్టినవు దాన్ని?"

ఎంతున్నయే అండ్ల నీళ్లు, అన్న.
ఉన్నయ్ తియ్యి, కొన్ని, అన్నది.

లచ్చు గలాసెత్తి ఆఖరి గుక్క తాగుతాంటే
నా చెయ్యి జేబుల స్కేలు మీదికి పోయింది.
ఆన్నే ఉన్నది.