తిరిగి లాగే బరువు

మే నెల రెండో వారంలో యార్డు మూశారు.
చొక్కా కాలరులో మిర్చి ఘాటు ఆరకముందే
గుంటూరులో రేపల్లె బస్సెక్కి
అక్కణ్ణుంచి ఆటోలో నిజాంపట్నం దిగాను.
మా మస్తానమ్మ మేనమామ, నాంచారయ్య,
వలల కుప్ప మీద కూర్చుని ముడులు విప్పుతున్నాడు.
రేవు నిండా బోట్లు, పక్కపక్కనే, పలుపులతో కట్టేసి.
జూన్ సగం దాకా ఇంజను మోగకూడదు.
భృతి డబ్బులు ఇంకా పడలేదు.
"నీకూ సెలవులే, నాకూ సెలవులే" అన్నాడు,
"పొట్టకే ఎవుడూ సెలవియ్యడు."

తెల్లారుజామున నాలుగింటికి లేపాడు.
అమావాస్య వెళ్ళి రెండో నాడు.
"ఇయ్యాల పోటు మీదుంటది.
పడమటి గాలి వీచినంతసేపూ నీళ్ళు పెనం మీద నూనె.
మధ్యాహ్నం గాలి మళ్ళిందా, తెప్ప నిలవదు.
ఈ రెంటి మధ్య సందే మనది."
చేతికి వాచీ లేదు.
వేలు తడిపి పైకెత్తాడు, అంతే.

మొగ దగ్గర మడ చెట్లు
మోకాళ్ళ దాకా చీరెత్తుకున్న ఆడవాళ్ళల్లే నిలబడ్డాయి.
నీళ్ళు వేర్లలోకి వస్తున్న చప్పుడు
ఎవరో చీకట్లో టీ జుర్రుకుంటున్నట్టు.
ముందు ఎర కావాలి.
వల అంచు పళ్ళ మధ్య పట్టి, సగం మోచేతికేసి
నడుము తిప్పాడు ముసలాయన.
గాలిలో గుండ్రంగా విచ్చుకుంది, గుండ్రంగానే పడింది.
నేను విసిరితే
తడిసిన గోనె పడ్డ చప్పుడు.
"బస్తా దించినట్టు దించుతావేందిరా?
వల బరువు కాదు. వెడల్పు."

కత్తిపరిగె పిల్లలు బొక్కెనలో మిలమిలలాడుతుంటే
చెయ్యి పెట్టబోయాను.
మణికట్టు పట్టుకుని వాసన చూశాడు.
"ఈ చేత్తో ముట్టుకుంటే చేప తుమ్ముద్ది!"
పదకొండేళ్ళ తేజా ఘాటు,
ఏ సబ్బుకూ లొంగనిది,
పెళ్ళైన కొత్తలో మస్తానమ్మ చెంపలు మండించింది,
పిల్లోణ్ణి ఎత్తుకుంటే ఏడిపించింది.
ఆయన మడ బురద తీసి
నా అరచేతులకు రుద్దాడు, ఎద్దుకు రుద్దినట్టు.
నల్లటి బురద. కుళ్ళిన ఆకు వాసన.
మంట లేని చేతులు ఎలా ఉంటాయో
మర్చిపోయానని అప్పుడు తెలిసింది.

"వీపు కింద గుచ్చు, వెన్ను తగలనీకు. అది బతికుండాల.
వేర్లకు బారెడు దూరంలో వదులు.
పోటు నిలిచి పాటు తిరిగేటప్పుడు
పండుగప్ప నోరు తెరుస్తది.
అందాకా మాట్లాడమాక."
నేను మాట్లాడలేదు.
ఆయనే మాట్లాడాడు, అప్పుల గురించి, మోకాలి గురించి.

మొదట జెల్ల. ముల్లు దించి చేతిని వాయించింది.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎండ.
తర్వాత
నా చేతిలో దారం గట్టిపడింది.

నా చేతికి తెలిసిన కొక్కెం ఒక్కటే.
టిక్కీకి గుచ్చి వీపు మీదికి లాక్కునేది.
ఎన్ని వేల బస్తాలు మోశానో!
ఒక్కటీ తిరిగి నన్ను లాగలేదు.
ఇది లాగింది.
నీళ్ళ అడుగున ఎవరో నా పేరు అడుగుతున్నట్టు
లాగి, ఆగి, మళ్ళీ లాగింది.
"వదులు! ఇయ్యి దానికి! ఇచ్చి తీసుకో!"
ఇవ్వడం నాకేం తెలుసు?
బిగించాను. భుజంతో, నడుముతో,
కూలీ డబ్బులు లెక్కేసుకునే మొండితనంతో.
ఒక్కసారి వెండి పొట్ట తిరగబడి మెరిసింది.
వేర్లలోకి దూరింది.
దారం తేలికైంది.

చివర గాలం ఉంది,
సూదిలా నిటారుగా సాగి.
నాంచారయ్య దాన్ని ఎండకు పట్టి చూసి
పడీపడీ నవ్వాడు.
నవ్వి, బీడీ వెలిగించి, "నీకంటే మొండిది" అన్నాడు.
ఆ పూట జెల్ల పులుసే తిన్నాం.

జూన్‌లో యార్డు తెరిచారు.
మొదటి లారీ, మొదటి టిక్కీ.
కొక్కెం గుచ్చి
ఒక్క గుక్క సేపు ఊరికే నిలబడ్డాను.
"ఏందిరా, నిద్రా?" మేస్త్రీ అరిచాడు.
కాదని చెప్పలేదు.
బస్తా కదల్లేదు.
వీపు మీదికి ఎత్తుకున్నాను.