పదకొండు నెలల కాగితం

బైరాగిపట్టెడలో ఆరేండ్లు ఉంటిమి,
రెండో మిద్దెలో వెనకపక్క పోర్షను.
వంటింటి కిటికీ తెరిస్తే కొండ.
కొండంటే కొండంతా కాదు,
పక్కింటి నీళ్ళ ట్యాంకికీ మెట్లగది గోడకీ నడాన
జానెడు.
రాత్రయితే ఆ జానెడులోనే
ఘాట్‌రోడ్డు బస్సుల లైట్లు పాకతా పైకి పొయ్యేవి.
ఒక్కో లైటుకి ఒక్కో ముద్ద,
మా పాప కడుపు నిండింది అట్లనే.

పదకొండు నెలలకొక తూరి కాగితం.
ఊరందరికీ ఏడాదంటే పన్నెండు,
బాడుగిల్లోళ్ళకి పదకొండే.
ఐదొందలు పెంచేది, సంతకం పెట్టేది,
స్టాంపు పేపరు ఖర్చు గూడా మాదే.

ఈ తూరి శకుంతలమ్మ కాఫీ ఇచ్చింది.
ఆరేండ్లలో మొదటి కాఫీ.
గ్లాసు చేతికి తీసుకునే కొద్దికే
నాకు అర్థమయిపోయింది.
"మీరు మంచోళ్ళే సుగుణా, నేను కాదన్నానా?
నువ్వు నెలకిచ్చేది వాళ్ళు నాలుగు దినాలకిస్తారు.
గుండ్లు కొట్టించుకుంటారు, పోసుకుంటారు, దర్శనానికి పోతారు.
గోడకి మేకు కొట్టరు.
నీళ్ళు రాలేదని కిందికి దిగిరారు.
కరువాడు వేయించరు."
చక్కెర ఎక్కువేసింది, పాపం.

ఇంగ తిరుగుడు.
కొర్లగుంట, ఎమ్మార్‌పల్లి, జీవకోన ఎగువీధి.
ఎంతమంది, ఏమిట్లు, ఏం వండుకుంటారు,
ఐదు నెలల అడ్వాన్సు ముందే ఇస్తారా.
ఒకాయన తాళంచెవులు వేలికి తిప్పతా అడిగినాడు,
"చుట్టాలొస్తారా?"
"రారు సార్," అన్నాడు మా మునిశేఖర్.
ఎప్పుడూ దేనికీ అంత తొందరగా జవాబు చెప్పిన మనిషి కాదు.
పలమనేరులో వాళ్ళక్క ఆ పొద్దు
మాకోసరం ఊరగాయ జాడీకెత్తతా ఉండింది.

మొక్కుకుందామని కొండెక్కితే
పుష్కరిణి పక్కన, వరాహస్వామి గుడికాడ, నవ్వొచ్చింది.
ఈ ఊర్లో మొదటి బాడుగిల్లాయన ఆయనే గదా, మన ఏడుకొండలాయన!
నూరడుగుల తావు అడిగినాడంట.
రూకల్లేవు,
తొలి దర్శనం నీకే, తొలి నైవేద్యం నీకే అన్నాడంట.
సరే ఉండుపో అన్నాడంట వరాహస్వామి.
అడ్వాన్సు లేదు, కాగితం లేదు,
చుట్టాలొస్తారా అని అడగనే లేదు,
అడిగుంటే ఈ పొద్దు క్యూలో ఇంతమంది ఉందురా?
కుబేరుడి అప్పంటావా, అది పెండ్లికి చేసింది,
ఇంటికి కాదు.
మా అన్నంలో తొలి ముద్ద ఇస్తామంటే
ఏ ఓనరు ఒప్పుకుంటాడు?

గాజులమండ్యం దాటినాక దొరికింది.
బాడుగ తక్కువే.
ఆ తక్కువంతా బస్సుకి పోతాది.
తెల్లారి ఐదుకి ఎక్కితే ఆరున్నరకి లాండ్రీ.
లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు.
గుండ్లకి పూసిన గంధం గలీబుకంటితే
వేణ్ణీళ్ళలో నానేస్తే గానీ వదలదు.
పోయిన బేస్తవారం ఒక మూట విప్పితే
అంచు మూల ఎర్రదారంతో కుట్టిండాది,
శకుంతలా నిలయం, రెండు.
రెండంటే రెండో మిద్దె.
ఎవరిదో తల
మా పాప పండుకునే తావులో పండుకోని పోయింది.
గంధం రుద్దినా.
పోయినాక గూడా రుద్దినా.
సూపర్‌వైజరు కేకేస్తే గానీ తెలీలా.

ఈడ మిద్దెక్కితే కొండంతా కనపడతాది,
ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, ఏ ట్యాంకీ అడ్డం లేకుండా.
పాపని ఎత్తుకోని చూపించినా.
చానాసేపు చూసి,
"ఇది మన కొండ కాదుమా," అనింది.
"మనది ఇంతే ఉంటాది,"
బొటనేలూ చిటికినేలూ చాపి చూపించింది.

రేపు ఐదో తేదీ.