నడుస్తున్నదాని పేరు

హెల్తర్మా రేవులో కొత్త సెన్సర్ దించారు.
పాతదాన్ని జనవరి మంచు
వేరుశనగ కాయలా చిదిమేసింది.
కొత్తదానికి కొత్త కార్డు, కార్డుకి డ్రైవరు,
డ్రైవరు లోపలికి పోవాలంటే మాడ్యూలు.
మాడ్యూలు కుట్టాలంటే కొలతలు కావాలి.

ఎవరి కొలతలు?

డిస్కులో హెడర్లున్నాయి, పంపిణీవాళ్ళిచ్చినవి,
బజారులో అందరికీ సరిపోతుందనే చొక్కా లెక్క.
నిన్న రాత్రి నేనే దించుకున్న సరికొత్త సోర్సుంది,
ఈ గదిలో ఎన్నడూ అడుగుపెట్టని మనిషి కొలత.
ఇంకొకటి ఉత్త లింకు, పేరు బిల్డ్,
తెర మీద ఎర్రగా మిటకరిస్తోంది.
అది చూపించే ఫోల్డరు ఎప్పుడో పోయింది.
ఖాళీ చేసిన ఇంటి గుమ్మానికి
ఇంకా వేలాడే నంబరు పలక.

కొత్తదాని మీద మోజుతో దాంతోనే కట్టాను.
కంపైలరు కిక్కురుమనలేదు.
హెచ్చరిక లేదు, సణుగుడు లేదు.
తీరా లోపలికి పంపబోతే
గుమ్మంలోనే ఆపేసింది కర్నెలు:
నీ ముద్ర వేరు, నా ముద్ర వేరు.

ఫోను. లెయిదా.
"నీళ్ళెంత, వీర్వె?"
"ఇంకా తెలీదు."
"ఏడింటి పడవకి నలభై రెండు కార్లు."
"తెలుసు."
"తెలిస్తే చెప్పు మరి." పెట్టేసింది.

బలవంతంగా తోసెయ్యడానికీ ఒక మాట ఉంది.
టైపు చేశాను. ఎంటరు మీద వేలు ఆనించాను.
ఈ పెట్టెలోనే రేవు దీపాలు,
ఈ పెట్టెలోనే ర్యాంపు,
ర్యాంపు మీద ఆ క్షణాన ఎవరి కారుంటుందో.
అడుసు తొక్కనేల అనుకుని
ఒక్కో అక్షరం వెనక్కి చెరిపాను.
ఆపి మళ్ళీ లేపుదామా అంటే
అదీ కుదరదు, అవే దీపాలు, అదే ర్యాంపు.

అప్పుడడిగాను, మొదటే అడగాల్సింది:
ఇప్పుడు నడుస్తున్నదెవరు?
ఒక్క వరుసలో జవాబు.
అంకెలు, మధ్యలో చుక్కలు, ఒక అడ్డగీత,
గీత తర్వాత
యా.

ఆదు పెట్టిన పేరు.
పదకొండేళ్ళు ఈ కుర్చీ అరగదీసి
తేనెటీగలు పెంచుకుంటానని కాయ్నా వెళ్ళిపోయాడు.
మా భాషలో యా అంటే మంచు.
వెళ్ళబోయే మనిషితో అంటే
ఉండిపో అని.
రాతలో అక్షరాల నెత్తిన రెండేసి చుక్కలుండాలి.
యంత్రానికి పడవని వదిలేసి ఉంటాడు.
మంచనుకుని పెట్టాడో, రెండోదనుకుని పెట్టాడో
మేమెవరం అడగలేదు.

ఇప్పుడు కూడా వేరేదే అడిగాను.
"ఏ సోర్సు, ఆదు?"
"కాఫీ డబ్బా, మేకుల అడుగున."
వెనక ఎవరో పళ్ళేలు కడుగుతున్నారు.
"నాలుగు అతుకులేశాను దానికి.
ఒకటి ఎందుకేశానో గుర్తులేదు. పీకకు.
సెట్టింగులు మాత్రం డబ్బాలోవి వాడకు, పాతవి.
నడుస్తున్నదాన్నే అడుగు,
దాని కడుపులోనే దాచాను.
కంపైలరు కూడా అప్పటిదే."
కాసేపు ఆగి, "చలెలా ఉంది అక్కడ?" అన్నాడు.
పాతిక కిలోమీటర్ల అవతల నుంచి.

మేకుల మధ్య పెన్‌డ్రైవు, మూత లేదు,
దారానికి కట్టిన అట్టముక్క మీద యా,
ఇక్కడ చుక్కలు పెట్టాడు.

ఈసారి కంపైలరు సణిగింది,
పదిహేడు హెచ్చరికలు, పదిహేడూ చదివాను.
లోపలికి పంపితే కర్నెలు ఏమీ అనలేదు.
దాని దగ్గర ఏమీ అనకపోవడమే
రా, కూర్చో అనడం.

తెర మీద అంకె లేచింది: మైనస్ యాభై ఎనిమిది.

తలుపు తోసుకుని లెయిదా వచ్చింది,
మోకాళ్ళ దాకా తడి, పళ్ళ మధ్య టార్చి,
చేతిలో గీతలు చెక్కిన కొలకర్ర.
టార్చి తీసి, "మైనస్ అరవై ఒకటి" అంది.

మూడు సెంటీమీటర్లు.

"ఏది నమ్మాలంటావు?" అన్నాను.
"పడవ దేని మీద తేలుతుంది," అంది,
"నీ తెర మీదా?"
నా కాఫీ తనే తాగేసి
ఏడింటి పడవని ఎనిమిదింటికి మార్చమని
కిందికి కేకేసింది.

గది వెచ్చదనానికి కర్ర అంచున మంచు కరిగి
కీబోర్డు పక్కన బల్ల మీద
ఒకటి, ఆగి ఇంకొకటి,
రెండు చుక్కలు పడ్డాయి.
తుడవలేదు.